ఎడారిలో కట్టిన కోడె

దయ్యాల విషయంలో నాది మొదటి నుంచీ ఒకటే లెక్క. అవి ఉంటే గింటే మనల్ని చూసి అవే జడుసుకోవాలి. మా ఊరి పాడుబడ్డ రైస్ మిల్లులో ఎవరో ఏడుస్తున్నారంటే, అందులోనే బొంత పరుచుకుని గురక పెట్టి వచ్చిన మనిషిని నేను. ఏడో తరగతిలో నాకూ బడికీ పడక విడిపోయాం. అందుకని పెద్ద పెద్ద కారణాలు చెప్పడం నాకు రాదు. కంటితో చూసింది, చేత్తో తాకింది, అంతవరకే రాస్తాను. ఎగతాళి నా పుట్టు జబ్బు కాబట్టి ఇది కూడా ఎగతాళే అని నన్ను తెలిసినవాళ్లు అనుకోవచ్చు. అనుకుంటే నాకే మంచిది. నేనూ అలా అనుకోవాలని చాలాసార్లు ప్రయత్నించాను.

ఎనభైల చివర్లో సంగతి. షార్జాలో ఒక కంపెనీలో రాడ్లు కట్టే పని నాది, మా ఊరివాళ్లకు మాత్రం గల్ఫ్ అంతా దుబాయే. స్లాబు వేసే ముందు ఇనుప రాడ్లను అడ్డంగా, నిలువుగా పరిచి, కలిసిన ప్రతి చోటా బైండింగ్ వైరుతో మెలిపెట్టి బిగించాలి. నాది ఎడమచేతి వాటం. అందరి మెలిక ఒక వైపు తిరిగితే నాది రెండో వైపు తిరిగేది. ఫోర్‌మన్ పైన నడుస్తూనే ఏది నా పనో చెప్పేసేవాడు. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

మా అక్క మొగుడు మల్లయ్య కూడా అదే కంపెనీ. బావ పెద్దగా మాట్లాడడు. ఇద్దరి మాటలూ నేనే మాట్లాడేవాణ్ని. అక్కకు అప్పటికి ఇద్దరు పిల్లలు పుట్టి, వారం తిరగకముందే పోయారు. మూడోసారి నెలలు నిండుతున్నాయి. మా ఊరికి ఫోను లేదు, ఉత్తరం చేరేసరికి అందులోని సంగతి పాతబడేది. బావ అన్నం ముందు కూర్చుని పళ్లేన్ని చూస్తూ ఉండిపోయేవాడు.

ఆ చలికాలం పని తగ్గింది. కంపెనీ మమ్మల్ని కొందరిని ధైద్ అనే ఊరు దాటాక కొండల కింద జరుగుతున్న తవ్వకానికి పంపింది. బయటి దేశం నుంచి వచ్చిన చదువుకున్నవాళ్ల తవ్వకం అది. ఇల్లు కట్టడానికి తవ్వడం నాకు తెలుసు కానీ, ఎప్పుడో కూలిన ఇంటిని చూడ్డానికి తవ్వడం అక్కడే చూశాను. తాపీతో గీకి, కుంచెతో ఊడ్చి, మట్టిని జల్లెడ పట్టాలి. వాళ్ల పెద్ద ఒక ముసలావిడ, మేం మేడం అనేవాళ్లం. మాకూ ఆమెకూ మధ్య మాటలు మోసేది ఖలీల్ భాయ్. హైదరాబాద్ మనిషి, పికప్ కూడా ఆయనే నడిపేవాడు.

ఒక పొద్దున గోడ మూల ఇసుక గీకుతుంటే బావ తాపీ రాతికి తగిలింది. ఇసుక తీసే కొద్దీ నడుమెత్తు రాయి బయటపడింది. పైన ఎద్దు తల చెక్కి ఉంది, రెండు కొమ్ములతో. దాని కింద వరుసలుగా గీతలు. నిచ్చెనల్లాంటివి, పంగకర్రల్లాంటివి, మధ్యలో సున్నాలు, అన్నీ రాడ్ల డ్రాయింగులా నిటారుగా. రాయి నెత్తిన నాలుగు చిన్న గుంటలు, వేలికొన దూరేంత.

బావ తాపీ పక్కన పెట్టి రెండు చేతులూ జోడించాడు.

"రాజన్న," అన్నాడు.

"రాజన్నకు గూడ దుబాయ్ వీసా దొరికిందా బావా? ఏ ఏజెంట్‌ను పట్టిండో అడుగు."

"నీ నోట్ల మన్నువడ. కోడె కనవడ్తలేదా నీకు?"

మా వైపు తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. వేములవాడ రాజన్నకు కోడె మొక్కు ఉంటుంది. పిల్లల కోసమో, ఆపద గట్టెక్కాలనో మొక్కుకుని, కోడెను తాడుతో పట్టుకుని గుడి చుట్టూ తిప్పి, అక్కడే కట్టేసి దండం పెట్టి వచ్చేస్తారు. మా అక్క పెళ్లయినప్పటి నుంచీ కట్టాలనుకుంటున్న కోడె అది. ఒక ఏడు కరువు, ఒక ఏడు పురుడు, తర్వాత వీసా. ఏదో ఒకటి అడ్డం పడుతూనే ఉంది.

మధ్యాహ్నం తిండికి అందరూ రేకుల షెడ్డులోకి వెళ్లారు. బావ కదల్లేదు. మట్టి బకెట్లు లాగే తాడు తెచ్చి చేతిలో పట్టుకుని రాతి ముందు నిలబడ్డాడు.

"గీడ కోడె యాడ దొర్కుతది రా బామ్మర్దీ?"

"కోడె ఎందుకు బావా, నువ్వు లేవా? తిండి గంతే, పని గంతే. కొమ్ములే తక్కువ."

ఆయన నవ్వలేదు. తాడు కొసకు ఉచ్చు వేసి తన మెడలో వేసుకున్నాడు. రాతి చుట్టూ గోడ అడ్డం వచ్చిన చోట ఎక్కి దిగి, ఒక చుట్టు తిరిగాడు. రెండో కొసను పక్కనే కొలతల కోసం పాతిన ఇనుప మేకుకు కట్టి మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"నా ఇంటిదాన్ని, కడుపుల పిల్లను సల్లంగ సూడు తండ్రీ. నీ కోడెను నేనే."

తర్వాత ఉచ్చు మెడలోంచి తీసి మేకు మీద వేశాడు. మేడం చూస్తే తిడుతుంది, తాడు విప్పమన్నాను.

"కట్టిన కోడెను ఇప్పుకపోతరా ఎవలన్న?" అని అన్నం తినడానికి వెళ్లిపోయాడు.

సాయంత్రం పికప్ వెనక కూర్చుని మేం ఉండే క్యాంపుకు బయలుదేరాం. మట్టి బాట వెళ్లి తారు రోడ్డులో కలిసే చోట బావకు దగ్గు మొదలైంది. దగ్గు కాస్తా ఎక్కిళ్లలా మారింది. మెడ పట్టుకున్నాడు, కళ్లు బయటికి వచ్చాయి. నేను క్యాబిన్ మీద బాదాను. ఖలీల్ భాయ్ ఆపి నీళ్లు ఇచ్చాడు, గుటక దిగలేదు. షెడ్డులో మేడం మందుల డబ్బా ఉంటుందని బండి వెనక్కి తిప్పాడు. పది గజాలు వెనక్కి వెళ్లామో లేదో బావ ఊపిరి పీల్చుకున్నాడు. షెడ్డు చేరేసరికి మామూలు మనిషి.

మేడం టార్చి వేసి చూసింది. మెడ చుట్టూ ఎర్రటి చార. దుమ్ము పడలేదంది. మర్నాడు ధైద్ నుంచి వచ్చిన డాక్టరూ అదే చెప్పి మాత్రలు ఇచ్చాడు. ఆ రాత్రి బావను షెడ్డులోనే ఉంచారు. తర్వాత రెండుసార్లు ప్రయత్నించాం. అదే చోట, అదే దగ్గు. ఆఖరికి ఖలీల్ భాయ్ మేడంతో చెప్పి బావను అక్కడే కాపలాకు పెట్టించాడు. షెడ్డులో మంచం, స్టవ్వు, బియ్యం. తవ్వకంలో ఉన్నంతసేపూ ఆయనకు ఏ రోగమూ లేదు.

నేను ఎగతాళి మానలేదు. "మా బావకు సొంత బంగ్లా అచ్చింది" అని క్యాంపంతా చెప్పాను.

ఆ వారంలోనే మేడం రాయి చదివింది. యెమెన్ వైపు పాత రాజ్యాల రాత అది, అక్కడి నుంచి వచ్చి ఇక్కడ ఉన్నవాళ్లు రాయించుకున్నది అంది. ఆమె ఒక్కో వరుస మీద వేలు కదిపి చదువుతుంటే ఖలీల్ భాయ్ మాకు ఉర్దూలో చెప్పాడు. ఫలానా వాడు, ఫలానా వాడి కొడుకు, తన దేవుడికి ఈ బొమ్మను సమర్పించుకున్నాడు. ఆపదలో మొక్కుకుంటే ఆయన కాపాడాడు కనుక. ఇకముందు కూడా తననూ తన ఇంటివాళ్లనూ కాపాడాలి. అంతే.

ఇది మా మొక్కే. వేలకోసుల అవతల, వేల ఏళ్ల కిందట, అదే మాట.

"ఏ దేవుడట?" అని బావ అడిగించాడు.

పేరున్న చోట రాయి చిట్లిపోయిందని మేడం చూపించింది. అంటే బావ మొక్కింది ఎవరికో చదువుకున్నవాళ్లకూ తెలియదు. రాజన్న అనుకున్నది మేమొక్కళ్లమే.

పైన ఉన్న నాలుగు గుంటలు బొమ్మ కాళ్లు దిగేసిన చోట్లని ఆమె చెప్పింది. ఎద్దు బొమ్మ అయ్యుంటుందట, కంచుది. మొక్కుకున్న మనిషి తన బదులు అక్కడ నిలబెట్టేది. ఆమె దాని కోసం చలికాలమంతా వెతికించింది. దొరకలేదు. ఎవరో ఎప్పుడో ఎత్తుకుపోయి కరిగించుకుని ఉంటారంది. రాయిని మాత్రం చెక్కపెట్టెలో కట్టి మ్యూజియానికి పంపారు. మూల ఖాళీ అయింది. మేకు, దానికి బావ కట్టిన తాడు అలాగే ఉన్నాయి. తాడును తీసేయమని మేడం చెప్పిన రోజున బావ ముఖం చూసి ఖలీల్ భాయే వద్దులే అన్నాడు.

నాకు భయం మొదలైంది ఎక్కడో చెబుతాను. ఒక మధ్యాహ్నం తిండికి పిలుద్దామని వెళ్తే, బావ ఎండలో ఆ మేకు పక్కన గోడ వైపు తిరిగి నిలబడి ఉన్నాడు. దవడ కదులుతోంది. నింపాదిగా, పక్కకు.

"ఏం నెమరేస్తున్నవ్ బావా?"

ఇటు తిరిగాడు. నోట్లో ఏమీ లేదు. తన దవడ కదులుతోందని ఆయనకు తెలియదు. నేను నవ్వబోయాను, నవ్వు రాలేదు. ఆ రోజు నుంచి మధ్యాహ్నం పూట ఆ మూలకు వెళ్లడం మానేశాను.

సెలవు మీద ఊరెళ్లి వచ్చిన మా పక్క ఊరి మనిషి కబురు తెచ్చాడు. అక్కకు ఆడపిల్ల. వారం దాటింది, నెల దాటింది, తల్లీ పిల్లా బాగున్నారు. నేను చెప్పగానే బావ మట్టిలో కూర్చుని ఏడ్చాడు. ఆ తర్వాత ఇంకో మంచి కబురు. ఏడాది నిండింది కనుక కంపెనీ ఆయనకు సెలవు ఇచ్చి టికెట్ తీసింది.

టికెట్ చేతికి రాగానే ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. పిల్ల ఊళ్లో ఉంది. తారు రోడ్డు మధ్యలో ఉంది.

పట్టపగలే బయలుదేరాం. ఖలీల్ భాయ్ నడుపుతున్నాడు, వెనక బావను నా ఒళ్లో తల పెట్టుకుని పడుకోబెట్టుకున్నాను. ఏమైనా సరే ఆపొద్దని ముందే చెప్పుకున్నాం. ఊపిరి బిగబట్టి ఆ చోటు దాటిస్తే తర్వాత అదే సర్దుకుంటుందని నా తెలివి.

తారు రోడ్డు కనిపించగానే బావ తల వెనక్కి లాగినట్టు వెళ్లింది. దగ్గితే తల ముందుకు వంగుతుంది. ఇది వెనక్కి, తవ్వకం వైపు. మెడ మీద చార నేను చూస్తుండగా లోపలికి దిగింది. చర్మంలో తాడు పురులు అచ్చుపడుతున్నాయి, ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత స్పష్టంగా. పెదాలు నల్లబడ్డాయి. నేను వేళ్లు దూర్చి గొంతు వదులు చేద్దామని చెయ్యి పెట్టాను.

నా చేతికి తాడు తగిలింది.

కంటికి ఏమీ లేదు. ఎండ తప్ప ఏమీ లేదు. అరచేతిలో మాత్రం గరుకైన తాడు, కోడె ఎదురు తన్నినప్పుడు ఎంత బిర్రుగా ఉంటుందో అంత బిర్రుగా. చిన్నప్పటి నుంచీ పశువుల వెంట తిరిగిన చెయ్యి నాది, తాడు తెలియకపోవడం ఉండదు. అది బావ మెడ దగ్గర మొదలై పికప్ వెనక తలుపు మీదుగా వెనక్కి పోతోంది. నేను పట్టుకుని లాగాను. అవతలి నుంచి కూడా లాగారు. మేకు అలా లాగదు.

ఏమని అరిచానో నాకు తెలియదు. ఖలీల్ భాయ్ బండి తిప్పకుండానే రివర్సులో ఆ మట్టి బాటంతా వచ్చేశాడు. దిగి, స్టీరింగు వదిలిన చేతులు చూసుకుంటూ ఏవో ప్రార్థనలు చదువుకున్నాడు.

"మై నై పూఛూంగా," అన్నాడు నాతో. "తూ భీ మత్ బోల్."

అడగను, నువ్వూ చెప్పకు అని. నా అరచేతిలో తోలు లేచిపోయి ఉంది.

విమానానికి ఇంక మూడు రోజులే ఉంది. బావ షెడ్డులో మంచం మీద కూర్చుని, "నువ్వు వొయ్యి సూసిరా రా బిడ్డను. నేను గీడ్నే ఉంట. ఆయన అడిగింది నేనిచ్చిన, నేనడిగింది ఆయన ఇచ్చిండు," అన్నాడు. కోపం లేదు, బాధ లేదు. దాంతోనే నాకు ఎక్కువ భయమేసింది.

అప్పుడు నాకు మేడం మాట గుర్తొచ్చింది. తన బదులు బొమ్మ.

క్యాంపులో వైరు మెలిపెట్టే నా హుక్కు, ఒక చుట్ట బైండింగ్ వైరు తీసుకున్నాను. కంచు పని నాకు రాదు. వచ్చింది ఒకటే, మెలిపెట్టడం. షెడ్డు గుమ్మంలో కూర్చుని జానెడు కోడెను అల్లాను. నాలుగు కాళ్లు, మూపురం, తోక. రెండో కొమ్ముకు వచ్చేసరికి వైరు అయిపోయింది. పొట్టిగా వదిలేశాను. మెడకు మూడు మెలికల పట్టె వేశాను.

"ఒక కొమ్ము సగమే ఉన్నదేంది రా," అన్నాడు బావ.

"నిన్ను చూసి చేసిన బావా. నువ్వు మాత్రం నిండుగున్నవా?"

ఎన్నో రోజుల తర్వాత ఆయన నవ్వాడు. రాయి ఉన్న చోట కోడెను నిలబెట్టి, మేకుకు ఉన్న తాడు ఉచ్చును తన మెడలోంచి తీసినట్టే తీసి దాని మెడలో వేశాడు. "నా బదులు గిది ఉంటది. నన్నిడువు తండ్రీ, బిడ్డను సూసుకుంట," అని దండం పెట్టాడు. నేనూ పెట్టాను. ఎవరికో తెలియకుండా నా జన్మలో పెట్టిన దండం అదొక్కటే.

తారు రోడ్డు దగ్గర ఖలీల్ భాయ్ బండిని నడక వేగానికి తెచ్చాడు. నా చెయ్యి బావ మెడ మీదే ఉంది. ముందు చక్రాలు తారు ఎక్కాయి. వెనక చక్రాలు ఎక్కాయి. బావ కళ్లు మూసుకుని ఉన్నాడు. చూస్తే నిద్రపోతున్నాడు. షార్జా లైట్లు వచ్చేసరికి మెడ మీద చార లేదు.

ఆయన వెళ్లిపోయాడు. మళ్లీ దుబాయ్ రాలేదు. ఆ కోడె మీద నా చేతులతోనే పారతో ఇసుక పోశాను, అందరం కలిసి గుంత పూడ్చాం. పని ఆగినప్పుడు అలా పూడ్చేయడం వాళ్ల పద్ధతి, గోడలు పాడు కాకుండా.

ఇక్కడితో అయిపోతే నేను రాసేవాణ్ని కాదు. దుమ్ము, భయం, పిచ్చి బామ్మర్ది అని మీలాగే నేనూ సరిపెట్టుకునేవాణ్ని.

మరుసటి చలికాలం అదే మేడం వచ్చింది, కంపెనీ నన్ను మళ్లీ పంపింది. వెళ్లనన్నాను, వినలేదు. అదే మూల తెరిచాం. పోసిన ఇసుకంతా జల్లెడ పట్టాం. మేకు ఉంది. మేకుకు తాడు ఉంది. ఉచ్చు ఉంది. అందులో ఏమీ లేదు. వైరు ముక్క లేదు, తుప్పు మరక లేదు.

ఏ నక్కో లాక్కుపోయిందనుకున్నాను. ఇసుక కింద ఇనుప కోడెను తినే నక్క అన్నమాట.

రాయి నిలిచిన చోట కింద సున్నపు గచ్చు ఉంది. పగులు లేదు, అతుకు లేదు. అక్కడ ఒకప్పుడు గుడి ఉండేదని, అది వాడుకలో ఉన్నప్పుడే వేసిన గచ్చు అని మేడం చెప్పింది. కొలతలు తీసుకుని, ఒక పక్క జాగ్రత్తగా కోసి కిందికి దిగింది. ఒక పొద్దున ఆమె కుంచె ఆపి మెల్లగా ఖలీల్ భాయ్‌ని పిలిచింది. నేను బకెట్ పట్టుకుని వెనకే ఉన్నాను.

జానెడు ఎద్దు బొమ్మ. కంచుది, పచ్చగా చిలుము పట్టి ఉంది. మేడం దాన్ని అరచేతిలోకి తీసుకుని పసిపిల్లను చూసినట్టు చూసింది. ఆపద ఏదో వచ్చి రాతి మీంచి తీసి దాచి, పైన గచ్చు వేసి ఉంటారంది. రెండు వేల ఏళ్లు ఉంటాయంది. ఆ తర్వాత మ్యూజియంలో రాయి మీద పెట్టి చూస్తే నాలుగు కాళ్లూ నాలుగు గుంటల్లో సరిగ్గా కూర్చున్నాయట.

దానికి ఒక కొమ్ము పొట్టి. విరిగింది కాదు. కొస నున్నగా ఉంది, పోసినప్పుడే పొట్టిగా పోశారు.

మెడకు సన్నటి కంచు తీగ పట్టె. మూడు మెలికలు. అందరి మెలిక తిరిగే వైపు కాదు.

ఖలీల్ భాయ్ నా వైపు చూశాడు. తర్వాత నా ఎడమచేతి వైపు చూశాడు. వెళ్లి పికప్ ఎక్కి కూర్చుని, సాయంత్రం దాకా దిగలేదు.

పొట్టి కొమ్ము ఎద్దులు లోకంలో బోలెడు. ఎడమచేతి వాటం కంసాలి ఆ రోజుల్లోనూ ఉండే ఉంటాడు. ఇవన్నీ నాకు నేనే చెప్పుకున్నాను. మరి నా కోడె ఏమైంది? ఆ రోజు తాడును అవతలి నుంచి లాగింది ఎవరు? అన్నిటికన్నా ముందు, నేను ఎవరి కోసం ఆ బొమ్మ చేశానంటే, బావ కోసమని ఒకప్పుడు గట్టిగా చెప్పేవాణ్ని.

బావకు ఇది చెప్పలేదు. బిడ్డ పెళ్లి చేశాడు, ఏటా రాజన్నకు కోడె కట్టి వస్తాడు. కట్టి వస్తూ వెనక్కి తిరిగి చూడడని అక్క అంటుంది.

ఆ తర్వాత కూడా నేను చాలా ఏళ్లు దుబాయ్‌లో రాడ్లు కట్టాను. చేయి తిరగక మొదట్లో ఫోర్‌మన్ తిట్టాడు, వేళ్లు కోసుకున్నాను, జీతం కూడా కొంత తెగింది. అయినా సరే, ఏది నా మెలికో ఎవరికీ తెలియకుండా కుడిచేత్తో కట్టడం నేర్చుకున్నాను.